దారి చూపడం, తలుపు కాయడం: లాగిన్ అయినవారి మళ్ళింపు గురించి

పరీక్షల రోజు ఉదయం కళాశాల ఆవరణలో కనిపించే దృశ్యం మనకందరికీ పరిచితమే. నోటీసు బోర్డు చుట్టూ విద్యార్థులు గుమిగూడి ఉంటారు. ఫలానా నంబరు మొదలు ఫలానా నంబరు వరకు ఏడవ గది అని ఆ బోర్డు చెబుతుంది. విద్యార్థి తన నంబరు చూసుకొని ఏడవ గదికి నడుస్తాడు. అక్కడ ఇన్విజిలేటరు మరల హాల్ టికెట్ అడుగుతారు. బోర్డే ఈ గదికి పంపినది గదా అని విద్యార్థి వాదించడు, ఇన్విజిలేటరూ అంగీకరించరు. బోర్డు పని దారి చూపడం. ఇన్విజిలేటరు పని తలుపు కాయడం. ఒకటి జరిగినంత మాత్రాన రెండవది జరిగినట్లు కాదు.

ఈ చిన్న సత్యం వెబ్‌సైట్లు నిర్మించేవారికి ఎంత అవసరమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేడు స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పరీక్ష ఫీజులు, మార్కుల జాబితాలు మొదలైనవన్నీ వెబ్‌సైట్ల ద్వారానే సాగుతున్నవి. మన కంప్యూటరు విద్యార్థులు కూడా ప్రాజెక్టు పనిగా ఇట్టి సైట్లను తయారుచేస్తున్నారు. ఆ పనిలో తొలినాడే ఎదురయ్యే సమస్య ఒకటి కలదు. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి అదివరకే లోపలికి వచ్చిన వ్యక్తి మరల లాగిన్ పేజీకి వస్తే ఏమి చేయవలెను? ఇంట్లోకి వచ్చి కూర్చున్న అతిథిని మరల గుమ్మం వద్ద నిలబెట్టి, నీవెవరవని అడగడం మర్యాద కాదు. అతనిని నేరుగా అతని స్వంత పేజీకి పంపవలెను. దీనినే ఆంగ్లంలో రీడైరెక్ట్ అంటారు. మేము దీనిని మళ్ళింపు అని వ్యవహరించెదము.

మరచిపోయే సర్వరు

మళ్ళింపు ఎట్లు జరుగుతుందో తెలియాలంటే ముందుగా సర్వరు స్వభావం తెలియవలెను. వెబ్‌కు మూలపురుషుడైన టిమ్ బెర్నర్స్-లీ 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా సంస్థలో దానిని ప్రతిపాదించినప్పుడు, శాస్త్రవేత్తలు పత్రాలు పంచుకోవడమే ముఖ్యోద్దేశం. బ్రౌజరు ఒక పత్రం అడుగుతుంది, సర్వరు ఇస్తుంది. అంతటితో ఆ వ్యవహారం ముగుస్తుంది. మరుక్షణం అదే బ్రౌజరు మరొక పత్రం అడిగినా, సర్వరు దానిని కొత్త ముఖం వలెనే చూస్తుంది. బ్రౌజరుకు, సర్వరుకు నడుమ సంభాషణా నియమాలైన హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు.

ఈ లోపాన్ని తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీ అనే ఉపాయాన్ని కనిపెట్టారు. సర్వరు తొలిసారి జవాబు ఇచ్చేటప్పుడు ఒక చిన్న చీటీ కూడా జతచేస్తుంది. బ్రౌజరు దానిని భద్రపరచి, ఆ సైటుకు పోయిన ప్రతిసారీ చూపుతుంది. సందర్శకుడు నెట్‌స్కేప్ వారి సైటుకు అంతకుముందు వచ్చినవాడా, కాదా అని గుర్తించడమే కుకీకి లభించిన తొలి ఉద్యోగం. అనగా మన నేటి సమస్యకు అది దగ్గరి బంధువే.

లాగిన్ విషయంలో ఈ చీటీ మీద పేరు గాని, పాస్‌వర్డ్ గాని వ్రాయరు. ఎవరూ ఊహించలేని పొడవైన సంఖ్య ఒకటి వ్రాస్తారు. ఆ సంఖ్య ఎవరికి చెందినదో సర్వరు తన రిజిస్టరులో వ్రాసుకుంటుంది. ఈ ఏర్పాటునే సెషన్ అంటారు. సైకిల్ స్టాండులో ఇచ్చే టోకెనుకు, దీనికి పెద్ద భేదం లేదు. టోకెను ఎవరి చేతిలో ఉంటే సైకిల్ వారిదే అవుతుంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను, ముందు దీనితో పని కలదు.

మళ్ళింపు జరిగే విధం

లాగిన్ అయిన విద్యార్థి మరల లాగిన్ పేజీని కోరినాడనుకుందాం. బ్రౌజరు తన కోరికతో పాటు కుకీని పంపుతుంది. సర్వరు ఆ సంఖ్యను రిజిస్టరులో వెతుకుతుంది. సంఖ్య ఉన్నదా, గడువు మిగిలి ఉన్నదా అని చూస్తుంది. రెండూ సరియైనవే అయితే, లాగిన్ పేజీకి బదులు ఒక చిన్న జవాబు పంపుతుంది. అందులో రెండు అంశాలుంటవి. మొదటిది 302 లేక 303 అనే సంఖ్య. రెండవది లొకేషన్ అనే శీర్షిక క్రింద కొత్త చిరునామా. దానిని అందుకున్న బ్రౌజరు తనంత తానే ఆ చిరునామాకు వెళ్ళి అక్కడి పేజీని తెస్తుంది. విద్యార్థికి కనిపించేది చివరి పేజీ మాత్రమే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. సర్వరు విద్యార్థిని చేయి పట్టుకొని తీసుకొనిపోదు. అటు వెళ్ళుము అని మాత్రమే చెబుతుంది. వెళ్ళేది బ్రౌజరు. కొత్త చిరునామాకు అది పంపే కోరిక పూర్తిగా మరొక కోరిక. అక్కడ మరల కుకీ చూడవలెను, మరల హక్కు పరిశీలించవలెను.

అందరినీ ఒకే పేజీకి పంపడం కూడా సరికాదు. విద్యార్థికి అతని మార్కులు, అధ్యాపకునికి హాజరు పట్టిక, కార్యాలయ సిబ్బందికి ఫీజుల వివరాలు కావలెను. మన వంటి కళాశాలలో భాష విషయం కూడా కలదు. ఉర్దూ పేజీ చదువుతున్న విద్యార్థిని లాగిన్ అయిన వెంటనే ఆంగ్ల ముఖపత్రం మీద వదిలివేస్తే, అతడు దారి తప్పినట్లే భావిస్తాడు. ఎంచుకున్న భాషను కూడా సెషన్‌లో వ్రాసుకొని, ఉర్దూ వారిని కుడి నుండి ఎడమకు సాగే పేజీకి, తెలుగు వారిని తెలుగు పేజీకి పంపడం కష్టమైన పని కాదు. చేయవలెనన్న తలంపే ముఖ్యం.

సంఖ్యలలోని భేదం

మళ్ళింపు సంఖ్యలు ఒకటి కాదు, పలు విధాలు. వీటిలో ఏది వాడినా పేజీ మారుతుంది కనుక అన్నీ ఒకటే అని కొందరు విద్యార్థులు భావిస్తారు. అది పొరపాటు.

301 అనగా ఆ పేజీ శాశ్వతంగా వేరొక చోటికి మారిపోయినదని అర్థం. శాశ్వతమని చెప్పినందున బ్రౌజరు దానిని జ్ఞాపకం పెట్టుకొని, తరువాత సర్వరును అడగకుండానే కొత్త చోటికి పోవచ్చును. లాగిన్ అయినవారి మళ్ళింపునకు 301 వాడితే ఏమవుతుందో ఊహించండి. విద్యార్థి లాగౌట్ చేసి, మరునాడు లాగిన్ పేజీని కోరుతాడు. బ్రౌజరు పాత జ్ఞాపకంతో అతనిని స్వంత పేజీకి పంపుతుంది. లాగిన్ కానందున అక్కడివారు మరల లాగిన్ పేజీకి పొమ్మంటారు. ఆ పేజీ మాత్రం ఎన్నడూ తెరుచుకోదు. ఒక్క అంకె తేడాతో మనిషి తన ఇంటికి తానే పరాయివాడవుతాడు.

302 అనగా ప్రస్తుతానికి అటు పోవలసినదని అర్థం. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఇది కలదు. అయితే ఫారం నింపి పంపినప్పుడు 302 వస్తే, ఆ ఫారంతో సహా కొత్త చోటికి పోవలెనా, వట్టి చేతులతో పోవలెనా అన్న సందేహం ఏర్పడినది. నియమం ఒకటి చెబితే బ్రౌజర్లు మరొకటి చేసినవి. ఆ సందేహ నివృత్తికై 1997లో 303, 1999లో 307 నియమావళిలో చేరినవి. 303 వస్తే బ్రౌజరు వట్టి చేతులతో పోయి పేజీ తెచ్చుకుంటుంది. 307 వస్తే ఫారంతో సహా పోతుంది. తరువాత 301కి తోడుగా, ఫారాన్ని విడువని 308 కూడా వచ్చినది. 2022 జూన్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9110 ఈ నియమాలన్నిటినీ ఒకచోట చేర్చినది.

కనుక లాగిన్ ఫారం నింపి పంపిన పిదప 303, లాగిన్ అయినవాడు ఊరక లాగిన్ పేజీకి వస్తే 302 వాడడం యుక్తం. ఫీజు చెల్లించిన పిదప కూడా 303తో రసీదు పేజీకి పంపితే, విద్యార్థి కంగారులో పేజీని మరల తెరిచినా ఫారం రెండవసారి పోదు.

పహ్‌లే ఆప్

లక్నో నవాబుల కథ ఉర్దూ తెలిసినవారందరూ విన్నదే. ఇద్దరు నవాబులు రైలు పెట్టె ముందు నిలిచి, "పహ్‌లే ఆప్" అంటే "పహ్‌లే ఆప్" అని ఒకరినొకరు గౌరవించుకుంటూ ఉండగా రైలు కాస్తా వెళ్ళిపోయినది. సరిగా ఆలోచించక వ్రాసిన మళ్ళింపులు కూడా ఇట్లే ప్రవర్తిస్తవి.

ఒక విద్యార్థి లాగిన్ అయి ఉన్నాడు. అతడు అధ్యాపకులకు మాత్రమే ఉద్దేశించిన పేజీని కోరినాడు. ఆ పేజీ, నీకు అనుమతి లేదు, లాగిన్ పేజీకి పో అన్నది. లాగిన్ పేజీ, నీవు అదివరకే లాగిన్ అయినావు, నీవు కోరిన పేజీకే పో అన్నది. ఈ మర్యాదకు అంతం లేదు. బ్రౌజర్లు ఇరవై సార్ల వరకు ఓర్చుకొని, పిమ్మట చాలించి, మళ్ళింపులు మితిమీరినవని తెలియజేస్తవి. ప్రసిద్ధమైన జాంగో అనే సాధనంలో లాగిన్ అయినవారిని మళ్ళించే సదుపాయం ఉన్నప్పటికీ, దానిని అడిగితే తప్ప పనిచేయనీయరు. ఇట్టి వలయం ఏర్పడగలదని దాని నిర్మాతలే హెచ్చరించినారు.

వలయానికి మూలం రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేయడం. నీవెవరవు అనేది ఒక ప్రశ్న. నీకిక్కడ హక్కు ఉన్నదా అనేది మరొక ప్రశ్న. ఎవరో తెలియనివానిని లాగిన్ పేజీకి పంపవలెను. ఎవరో తెలిసి, హక్కు లేనివానికి 403 అనే సంఖ్యతో, ఈ పేజీ చూడడానికి మీకు అనుమతి లేదు అని సౌమ్యంగా చెప్పవలెను. చెప్పవలసిన చోట మళ్ళించడం మర్యాద కాదు, తప్పించుకోవడం.

మళ్ళించినది ఎవరిని?

ఇంతవరకు చెప్పినది యంత్రాల సంగతి. ఇప్పుడు మనుషుల సంగతి చెప్పెదము. మేము చూసిన ఒక సంఘటన ఈ వ్యాసం వ్రాయడానికి ముఖ్య కారణం.

ఒక కంప్యూటరు గదిలో ఇద్దరు విద్యార్థినులు ఒకరి తరువాత ఒకరు ఒకే యంత్రం వద్ద స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపినారు. మొదటి అమ్మాయి తన పని ముగించి, లాగౌట్ చేయకుండా లేచిపోయినది. రెండవ అమ్మాయి లాగిన్ పేజీ చిరునామా టైపు చేసినది. సైటు తన మర్యాద ప్రకారం ఆమెను లాగిన్ అడగకుండా, నేరుగా దరఖాస్తు పేజీకి పంపినది. ఈ సైటు ఇట్లే తెరుచుకుంటుంది కాబోలు అని ఆ అమ్మాయి తన ఆదాయ ధ్రువపత్రాన్ని అందులో చేర్చి, పంపివేసినది. ఆ పేజీ మీద ఎక్కడా ఎవరి పేరూ లేదు. కొద్ది రోజులకు తెలిసినదేమనగా, మొదటి అమ్మాయి దరఖాస్తులో రెండవ అమ్మాయి ధ్రువపత్రం ఉన్నది, రెండవ అమ్మాయికి దరఖాస్తే లేదు. ఇద్దరూ కార్యాలయం చుట్టూ పలుమార్లు తిరిగిన పిదప, గడువు ముగియవస్తుండగా ఆ చిక్కు తీరినది.

తప్పు ఎవరిది? లాగౌట్ చేయని అమ్మాయిదే అని అందరూ అన్నారు. మాకు అట్లు తోచలేదు. టోకెను ఎవరి చేతిలో ఉంటే సైకిల్ వారిదే అవుతుందని ముందే చెప్పినాము. కుకీ బ్రౌజరును గుర్తిస్తుంది గాని, దాని ఎదుట కూర్చున్న మనిషిని గుర్తించలేదు. ప్రతివారికీ స్వంత కంప్యూటరు ఉన్న చోట ఈ భేదం బయటపడదు. మన విద్యార్థులలో అనేకులు కళాశాల కంప్యూటరు గదిలోనో, ఇంటర్నెట్ కేంద్రంలోనో పనిచేసుకుంటారు. అన్నాచెల్లెళ్ళు ఒకే ఫోను వాడుకునే ఇళ్ళు ఎన్నో కలవు. వీరి కొరకు సైటు నిర్మించేవాడు వీరి జీవితాన్ని ఎరిగి ఉండవలెను.

దీనికి పరిష్కారం కష్టసాధ్యం కాదు. మళ్ళించిన ప్రతి పేజీ పైభాగాన లాగిన్ అయినవారి పేరు పెద్ద అక్షరాలలో కనిపించవలెను. దాని పక్కనే, ఇది మీరు కాదా, అయితే లాగౌట్ చేయండి అనే బొత్తాం ఉండవలెను. ధ్రువపత్రం చేర్చేటప్పుడు, బ్యాంకు ఖాతా నంబరు మార్చేటప్పుడు పాస్‌వర్డ్ మరల అడగవలెను. కొంతసేపు కదలిక లేకపోతే సెషన్ ముగియవలెను. అయితే సగం నింపిన ఫారం ఆ ముగింపుతో మాయం కాకూడదు. ఫారం పంపే వేళకు సెషన్ గడువు తీరి, లాగిన్ పేజీకి మళ్ళిస్తే, వ్రాసినదంతా దారిలోనే జారిపోతుంది. కనుక నింపుతున్నంత సేపూ చిత్తుప్రతిని సర్వరులో దాచుతూ ఉండడం మంచిది.

తిరిగి పంపే చిరునామా

మార్కుల పేజీని కోరిన వ్యక్తిని లాగిన్‌కు పంపి, అది ముగియగానే మార్కుల పేజీకే తిరిగి చేర్చడం ఉత్తమమైన మర్యాద. దీని కొరకు లాగిన్ చిరునామా చివర తిరిగి పోవలసిన చోటును జతచేస్తారు. మోసగాళ్ళు కనిపెట్టుకొని ఉండేది ఈ తోకనే. మొదట కళాశాల అసలు చిరునామా, చివర తమ నకిలీ సైటు చిరునామా గల లింకును వారు విద్యార్థికి పంపుతారు. విద్యార్థి మొదటి భాగం చూసి నమ్ముతాడు. లాగిన్ అయిన మరుక్షణం నకిలీ సైటులో తేలుతాడు. పాస్‌వర్డ్ తప్పు, మరల ఇవ్వండి అని అక్కడ ఉంటుంది. అదివరకే లాగిన్ అయినవాడైతే ఏమీ అడగకుండానే అక్కడికి చేరుతాడు. వెబ్ భద్రతకై కృషిచేసే ఓవాస్ప్ సంస్థ 2013లో ప్రకటించిన పది ముఖ్య ప్రమాదాల పట్టికలో ఇట్టి పరిశీలన లేని మళ్ళింపులకు పదవ స్థానం లభించినది.

తోకలోని చిరునామా మన సైటుకు చెందినదా అని తప్పక సరిచూడవలెను. ఏటవాలు గీతతో మొదలైతే అది మన సైటులోని పేజీయే అని కొందరు తృప్తిపడతారు. రెండు ఏటవాలు గీతలతో మొదలైతే అది పరాయి సైటు చిరునామా అవుతుందని వారు మరచిపోతారు. అనుమతించిన పేజీల పట్టిక ఒకటి ఉంచుకొని, అందులో లేనిదానిని తిరస్కరించడం అన్నిటికంటె సురక్షితం.

మళ్ళింపు తాళం కాదు

ఇక మొదట చెప్పిన సత్యానికి తిరిగి వత్తము. పీహెచ్‌పీ భాషలో విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి కలదు. లాగిన్ కానివారిని మళ్ళించమని ఒక పంక్తి వ్రాస్తారు. ఆ తరువాతి పంక్తులలో మార్కుల జాబితాను ముద్రిస్తారు. మళ్ళింపు పంక్తి వచ్చినంతనే ప్రోగ్రాము ఆగిపోతుందని వారి నమ్మకం. అది ఆగదు. ఆగుమని వేరుగా చెప్పనంతవరకు మిగిలిన పంక్తులన్నీ నడుస్తవి. మళ్ళింపు జవాబు వెనుకనే మార్కుల జాబితా అంతా ప్రయాణిస్తుంది. మామూలు బ్రౌజరు మళ్ళింపును గౌరవించి ఆ జాబితాను చూపదు. గౌరవించని ప్రోగ్రాము ఒకటి వ్రాసుకున్నవానికి అది అంతయూ కనిపిస్తుంది. జాబితా చూపడమే కాదు, ఆ పంక్తులలో ఏదైనా తొలగించే ఆజ్ఞ ఉంటే అది కూడా అమలు జరుగుతుంది. సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఈ లోపం గురించి ప్రత్యేకంగా ఒక పరిశోధనా పత్రం ప్రకటించినారు. కనుక ఇది మన విద్యార్థులకే పరిమితమైన పొరపాటు కాదు.

పేజీలోని జావాస్క్రిప్ట్ ద్వారా మళ్ళించినప్పుడు కూడా ఇదే ప్రమాదం. రహస్యం బ్రౌజరుకు చేరిన తరువాత, అటు చూడవద్దు అని చెప్పినట్లవుతుంది. కావలి ఎప్పుడూ సర్వరులోనే, ఒక్క అక్షరం కూడా బయటకు పోకముందే జరగవలెను. ప్రతి పేజీ తన తలుపును తానే కాచుకొనవలెను.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మీరు వ్రాసే మళ్ళింపు మూడు నాలుగు పంక్తులకు మించదు. కాని దానిని పరీక్షించేటప్పుడు మీ స్వంత కంప్యూటరు మీద, మీ ఒక్క పేరుతో పరీక్షించి తృప్తిపడవద్దు. ఇద్దరు స్నేహితులు ఒకే యంత్రం మీద వెంటవెంటనే కూర్చొని చూడండి. లాగౌట్ చేసి, వెనుకకు పోయే గుర్తు నొక్కి చూడండి. విద్యార్థి పేరుతో అధ్యాపకుల పేజీని కోరి చూడండి. ఫారం సగంలో ఉండగా సెషన్‌ను ముగించి చూడండి. ఈ నాలుగు పరీక్షలకు ఒక గంట కాలం చాలును.

కళాశాల కార్యవర్గం వారికి కూడా మా విన్నపం ఒకటి కలదు. సైటు తయారుచేసి ఇచ్చేవారిని, చూడడానికి బాగున్నదా అని మాత్రమే కాక, ఒకే కంప్యూటరును పదిమంది వాడితే ఏమవుతుంది అని కూడా అడగవలసినదిగా కోరుతున్నాము. కంప్యూటరు గదిలోని ప్రతి యంత్రం మీద, లేచేముందు లాగౌట్ చేయండి అని తెలుగులోను, ఉర్దూలోను ఒక చీటీ అంటించడానికి పెద్ద ఖర్చు లేదు.

వచ్చినవారిని ఆదరించి దారి చూపడం మన రెండు భాషల సంస్కారంలోనూ ఉన్నదే. అయితే ఆదరించేముందు వచ్చినది ఎవరో ఒక్కసారి ముఖం చూసి పలకరించడం కూడా ఆ సంస్కారంలోని భాగమే. మనం నిర్మించే సైట్లు ఈ రెండింటినీ నేర్చుకున్ననాడు, ఏ అమ్మాయి ధ్రువపత్రమూ మరొకరి దరఖాస్తులో చేరదు.